కోటగోడల కథ – 9: స్టిర్లింగ్ ముంగిట వడ్రంగులు

1304 ఏప్రిల్‌లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లండులోని స్టిర్లింగ్ కోట ముందు దండు దించాడు. రెండు రాజ్యాల మధ్య యుద్ధం మొదలై అప్పటికి ఎనిమిదేళ్లు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే స్కాట్లండు ప్రభువుల్లో ఎక్కువమంది అతనికి తలవంచారు. లొంగకుండా మిగిలిన పెద్ద కోట ఇదొక్కటే. ఫోర్త్ నదిని దాటి ఉత్తరానికి వెళ్లే దారికి కాపలాగా, నిట్టనిలువు రాతిగుట్ట మీద ఉంటుంది. దాన్ని కాస్తున్నవాడు సర్ విలియం ఓలిఫాంట్. ఈ కోటను నా చేతికి అప్పగించిన ప్రభువు ఫ్రాన్సులో ఉన్నాడు, మనిషిని పంపి ఆయన మాట తెప్పించుకునేదాకా గడువివ్వండి అని అడిగాడు. ఎడ్వర్డ్ ఇవ్వలేదు.

గత సంచికలో వేల్స్ కోటలు చూశాం. కాన్వీ, హార్లెక్, బోమారిస్ గోడలు లేపిన సవాయ్ దేశపు మేస్త్రీ, సెయింట్ జార్జ్ జేమ్స్, ఇప్పుడు స్టిర్లింగ్ దండులో ఉన్నాడు. పాతికేళ్లుగా గోడలు కట్టిన మనిషి గోడలు పడగొట్టే పని దగ్గర నిలబడ్డాడు. ఆ కాలంలో ఇందులో వింతేమీ లేదు. ఏ గోడ ఎక్కడ బలహీనమో కట్టినవాడికే తెలుస్తుంది. రాజులు ఇలాంటివారిని కోట కట్టేటప్పుడూ పోషించారు, కూల్చేటప్పుడూ వెంట తీసుకెళ్లారు.

ముట్టడి అనగానే మన కళ్ల ముందు కత్తులు, నిచ్చెనలు, రంకెలు మెదులుతాయి. స్టిర్లింగ్ లెక్కల పుస్తకాలు తిరగేస్తే కనిపించేది వేరు. దూలాలు, మోకులు, ఇనుము, సీసం, బండ్లు, కూలి డబ్బులు. లండన్, యార్క్, లింకన్ షెరీఫులకు అడ్డవిల్లులు, బాణాలు కొని పంపమని తాకీదులు వెళ్లాయి. గ్లాస్గోలో ఉన్న ఇనుమూ, పెద్ద రాళ్లూ స్టిర్లింగుకు తోలించమన్నారు. రాళ్లు విసిరే యంత్రాలను విడగొట్టి ఉంచిన భాగాలు సముద్రం మీద ఓడల్లో వచ్చాయి. పెర్త్, డన్‌బ్లేన్ చుట్టుపక్కల చర్చిల కప్పుల మీద పరిచిన సీసం రేకులు ఊడబీకి తెమ్మని రాజు తన కొడుక్కి ఆజ్ఞ రాశాడు. బలిపీఠం మీది కప్పును మాత్రం వదలమన్నాడు. దేవుడి మీద వాన పడకుండా చూసుకున్నాడు సరే, ఆ ఊళ్ల జనం మాత్రం కప్పులేని చర్చిల్లో తడుస్తూ ప్రార్థన చేసుకోవాలి. యుద్ధాల ఖర్చు రాజుల ఖజానాల్లోంచి వచ్చిందని రాసే చరిత్రకారులు ఈ రేకుల సంగతి కూడా రాయాలని నా కోరిక.

ఇంత సీసం ఎందుకు? ఇది అర్థం కావాలంటే యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియాలి. మన పొలాల్లో ఒకప్పుడు నీళ్లు తోడిన ఏతాన్ని గుర్తు తెచ్చుకోండి. నిలువు స్తంభం మీద అడ్డంగా ఊగే పొడవాటి మాను, ఒక కొసన బాన, రెండో కొసన బరువు. బరువున్న కొసను పొట్టిగా, బాన ఉన్న కొసను పొడుగ్గా పెట్టి, బాన బదులు ఆ పొడుగు కొసకు రాయి పెట్టిన ఒక పెద్ద వడిసెల కట్టండి. బరువు దబ్బున కిందికి పడుతుంది, పొడుగు కొస ఆకాశంలోకి లేస్తుంది, వడిసెల గిర్రున తిరిగి రాయిని వదులుతుంది. ఇంగ్లండు వాళ్లు, ఫ్రెంచి వాళ్లు దీన్ని ట్రెబుషే అన్నారు, అరబ్బులు మంజనీక్ అన్నారు.

ఈ ఆలోచన పుట్టింది చైనాలో, క్రీస్తుకు పూర్వమే. తొలినాళ్లలో బరువు ఉండేది కాదు, పొట్టి కొసకు కట్టిన తాళ్లను మనుషులు ఒక్కసారిగా గుంజేవారు. 1044 నాటి చైనా సైనిక గ్రంథం ఊజింగ్ జోంగ్‌యావ్ పెద్ద యంత్రానికి 250 మంది లాగాలని చెబుతుంది. ఆరో శతాబ్దం చివరికే ఇది మధ్యధరా తీరానికి చేరింది. అవార్లు అనే సంచార యోధులు గ్రీసులోని థెస్సలోనికా నగరాన్ని ముట్టడించినప్పుడు ఆ ఊరి ఆర్చిబిషప్ జాన్ ఈ యంత్రాలను కళ్లారా చూసి వర్ణించాడు. మనుషుల బలానికి బదులు బరువును వేలాడదీయడం 12వ శతాబ్దానికి స్థిరపడింది. సలాదీన్ కోసం అల్ తర్సూసీ రాసిన ఆయుధ గ్రంథంలో అలాంటి యంత్రం వర్ణన ఉంది.

మనుషుల స్థానంలో బరువు రావడంతో ఏం మారింది? బలం పెరిగింది, అది అందరూ చెప్పేదే. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది నిలకడ. వంద మంది తాడు లాగితే మొదటి దెబ్బకూ పదో దెబ్బకూ తేడా వస్తుంది. ఒకడు అలసిపోతాడు, ఒకడు పైనుంచి వచ్చే బాణానికి బెదిరి ముందే వదిలేస్తాడు. పెట్టెలో పోసిన బరువు అలసిపోదు, బెదరదు. రాళ్లను ఒకే తూకానికి గుండ్రంగా చెక్కితే ప్రతి రాయీ దాదాపు అదే చోట పడుతుంది. గోడను కూల్చేది ఒక పెద్ద దెబ్బ కాదు, ఒకే రాతి వరస మీద రోజంతా పడే దెబ్బలు. అందుకే ప్రతి ముట్టడి శిబిరంలోనూ వడ్రంగుల పక్కనే రాళ్లు కొట్టేవాళ్లు కూర్చుని గుండ్లు చెక్కుతూ ఉండేవారు.

ఇక సీసం. 1230 ప్రాంతంలో విలార్ ద ఒన్‌కూర్ అనే ఫ్రెంచి పనివాడు తన చిత్తు పుస్తకంలో ఒక ట్రెబుషే అడుగు చట్రం బొమ్మ గీశాడు. పక్కనే బరువు పెట్టె కొలతలు రాశాడు: సుమారు 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు. అందులో నింపాల్సింది మట్టి. యంత్రాన్ని నిలువుగా చూపే పుట పోయింది, ఈ ఒక్క పుటే మిగిలింది. పెట్టె కొలతలు చూస్తేనే గుండె ఆగినంత పని అవుతుంది. అంత పెట్టె ఊగడానికి చోటివ్వాలంటే స్తంభాలను ఎంత ఎడంగా, ఎంత ఎత్తుగా నిలపాలి? అదే బరువును సీసంతో నింపితే పెట్టె చిన్నదైపోతుంది, ఎందుకంటే సీసం మట్టికంటే ఆరేడు రెట్లు, మామూలు రాయికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. చిన్న పెట్టెకు చట్రం ఇరుకైనా సరిపోతుంది, ఇరుసు పొట్టిగా ఉంటుంది, వంగదు. చర్చి కప్పులు ఊడదీయించిన రాజు వెనక ఈ లెక్క తెలిసిన వడ్రంగి ఎవరో ఉన్నాడు.

ఆ వడ్రంగికి ఇంకా చాలా తెలియాలి. ఊగే మాను పొడుగ్గా, తిన్నగా, ముడులు లేకుండా ఉండాలి. ముడి ఉన్నచోటే అది విరుగుతుంది. అంత పొడవైన చెట్టు దొరకకపోతే రెండు మూడు దూలాలు జతచేసి, ఇనప పట్టీలూ తాళ్లూ బిగించి ఒక్క మానుగా చెయ్యాలి. ఇరుసుకు బెజ్జం పెట్టేచోట మాను అసలే పలచబడుతుంది, బరువంతా పడేదీ అక్కడే. అందుకే ఆ చోట చెక్కలు దాపు వేసి లావు చేసేవారు. చట్రంలో ఒక దూలం కొసను చెక్కి ఇంకో దూలం తొలిలో దిగ్గొట్టి చీలలు బిగించాలి. ప్రతి దెబ్బకూ ఈ అతుకులన్నీ కుదుపు తింటాయి, కాబట్టి సాయంత్రం కాగానే చీలలన్నీ తట్టి చూసుకోవాలి. వానకు తడిసిన మోకు ముడుచుకుంటుంది, ఆరాక సాగుతుంది. వడిసెల పొడవు మారితే రాయి పడే చోటు మారుతుంది. మాను కొసన ఉండే ఇనప కొక్కెం వంపును కాస్త సవరిస్తే రాయి ముందుగానో వెనకగానో వదులుతుంది. ముందుగా వదిలితే ఆకాశంలోకి లేచి దగ్గరలోనే పడుతుంది, ఆలస్యమైతే నేలకేసి కొడుతుంది. ఇదంతా చూసి, చేతితో తడిమి, మళ్లీ వేసి చూసి నేర్చుకునే విద్య. తండ్రి నుంచి కొడుక్కి, మేస్త్రీ నుంచి శిష్యుడికి వచ్చింది.

ఆ విద్య ఎంత గట్టిదో తరువాతి కాలం వాళ్లు కట్టి చూస్తేగానీ తెలియలేదు. 1850లో తరువాత మూడో నెపోలియన్‌గా చక్రవర్తి అయిన లూయీ నెపోలియన్ కోసం వాన్సెన్‌లో ఒక ట్రెబుషే కట్టారు. మాను పది మీటర్ల పైచిలుకు, బరువు నాలుగున్నర టన్నులు. 12 కిలోల గుండును 175 మీటర్లు విసిరింది. 1998లో స్కాట్లండులోనే, లాక్‌నెస్ ఒడ్డున అర్కర్ట్ కోట దగ్గర, ఒక టెలివిజన్ చిత్రం కోసం వడ్రంగులూ చరిత్రకారులూ కలిసి పాతకాలపు పద్ధతుల్లో పెద్ద యంత్రాలు కట్టారు. వంద కిలోలు దాటిన రాతి గుండ్లు అక్కడ పరీక్షకోసం కట్టిన రాతిగోడకు బొక్కలు పెట్టాయి. దెబ్బ తగిలినప్పుడు రాళ్లు పగిలి లోపలివైపుకి చిమ్మాయి. గోడ వెనక నిలబడ్డ మనిషి గతి ఏమిటో ఆ చిత్రం చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

స్టిర్లింగ్ ముందు ఇలాంటివి డజనుకు పైగా లేచాయి. వాటికి మనుషులకు పెట్టినట్టు పేర్లు పెట్టుకున్నారు: వికార్, పార్సన్, సీగ్రేవ్, రాబినెట్, గ్లాస్టర్, ఇంకా ఎన్నో. రాళ్లతో పాటు నిప్పు కూడా విసిరారు, అందుకు సురేకారం, గంధకం, బొగ్గు తెప్పించారు. లోపలివాళ్లూ ఊరుకోలేదు. వాళ్ల యంత్రాల రాళ్లు కిందికి వచ్చాయి. అరవై అయిదేళ్ల రాజు గోడల దగ్గరగా గుర్రం మీద తిరుగుతుంటే ఒక బాణం జీను దగ్గర గుచ్చుకుంది, ఇంకోసారి రాయి పడి గుర్రం బెదిరి రాజుతో సహా కూలబడింది. రాజుకే అలా జరిగితే, గోడకు రెండు వందల మీటర్ల దూరంలో కదలకుండా నిలబడి దూలం ఎత్తుతున్న కూలివాడి మాటేమిటి? రాజుకు తప్పిన బాణం చరిత్రకెక్కింది. కూలివాడికి తగిలినవి ఎక్కలేదు.

వేసవిలోకి వచ్చాక ఎడ్వర్డ్ అన్నిటికన్నా పెద్ద యంత్రం మొదలుపెట్టించాడు. దానికి యుద్ధపు తోడేలు అని పేరు, ఇంగ్లీషులో వార్‌వుల్ఫ్. అయిదుగురు పెద్ద వడ్రంగులు, సుమారు యాభై మంది పనివాళ్లు నెలల తరబడి దాని మీదే ఉన్నారు. ఈ పనిని చూడ్డానికి రాణిగారికీ, ఆమె పరివారంలోని స్త్రీలకూ సౌకర్యంగా ఉండాలని ఊళ్లో రాజు దిగిన ఇంటికి ప్రత్యేకంగా ఒక గవాక్షం పెట్టించారు. ముట్టడి అంటే అప్పటికి ఒక ప్రదర్శన కూడా.

జూలై 20న ఓలిఫాంట్ లొంగిపోతానన్నాడు. తోడేలు అప్పటికి సిద్ధమైంది కానీ ఒక్క రాయీ వెయ్యలేదు. ఎడ్వర్డ్ లొంగుబాటును వెంటనే ఒప్పుకోలేదు. ఆ యంత్రంతో కోటను కొట్టేదాకా తనవాళ్లెవరూ లోపలికి అడుగుపెట్టవద్దనీ, లోపలివాళ్లు తమను తాము కాపాడుకోగలిగితే కాపాడుకోవచ్చనీ ఆజ్ఞ ఇచ్చాడు. తోడేలు రాళ్లు వేసింది. ఆ తరువాతే గేట్లు తెరిచారు. బయటికి వచ్చినవాళ్లు సుమారు ముప్పై మంది. మూడు నెలలు ఇంగ్లండు రాజ్యపు బలమంతా ఎదుర్కొన్నది ఆ ముప్పై మంది! ఓలిఫాంట్‌ను లండన్ టవర్‌కు పంపారు.

ఈ ఘట్టాన్ని రాజు పట్టుదలకు నిదర్శనంగా రాసినవాళ్లు ఉన్నారు. నేను అలా చూడలేను. చేతులెత్తిన మనుషుల మీద రాళ్లు వేయించడం క్రూరత్వం, దాన్ని ఇంకే పేరుతో పిలవడానికీ లేదు. తోడేలు లేకుండానే స్టిర్లింగ్ పడింది. మిగతా యంత్రాలు, ఆకలి, ఎదురుచూసిన సాయం రాకపోవడం, ఇవే దాన్ని లొంగదీశాయి. అయినా ఆ యంత్రం నిలబడడం వెనక యాభై మంది చేతి పని ఉంది. ఆ పనితనానికి, దాన్ని వాడిన తీరుకు వేర్వేరు తూకాలు ఉండాలి.

స్టిర్లింగుకు పదమూడేళ్ల ముందు ఇలాంటి యంత్రాన్ని తరలించిన కష్టాన్ని ఒక కుర్రవాడు కళ్లారా చూసి, తరువాత రాసి పెట్టాడు. 1291లో ఈజిప్టు సుల్తాను అల్ అష్రఫ్ ఖలీల్ పాలస్తీనా తీరాన క్రూసేడర్లకు మిగిలిన ఏకైక పెద్ద నగరం ఆక్రే మీదికి బయల్దేరాడు. సిరియాలోని హిస్న్ అల్ అక్రాద్ కోటలో మన్సూరీ అనే మహా మంజనీక్ ఉంది. దాన్ని విడగొట్టి వంద బండ్లకు ఎక్కించారు. వాటిలో ఒక బండికి బాధ్యుడు హమా రాజవంశపు కుర్రవాడు అబుల్ ఫిదా. అప్పటికి అతనికి పదిహేడేళ్లు, తరువాతి కాలంలో హమాకు పాలకుడూ, పేరుమోసిన భూగోళ శాస్త్రజ్ఞుడూ అయ్యాడు. చలికాలం చివర, దమాస్కస్ దాకా దారంతా వాన, మంచు. బరువుకు బండ్లు కదలవు, చలికి ఎడ్లు చచ్చిపోతున్నాయి. గుర్రం మీద ఎనిమిది రోజుల్లో వెళ్లగలిగే దూరానికి ఒక నెల పట్టిందని రాశాడు. ముట్టడి యంత్రం గురించి నేను చదివిన వాటిల్లో నాకు అన్నిటికన్నా విలువైనవి ఈ కొద్ది వాక్యాలే. విజయం గురించి కాదు, బురదలో కూరుకుపోయిన బండి గురించి, ఆ బండి పక్కనే నడిచిన మనిషి రాసినవి. ఆక్రే మే 18న పడింది. గోడల కింద సొరంగాలు తవ్విన వాళ్లకు ఆ విజయంలో మంజనీక్‌లతో సమానమైన వాటా ఉంది. ఆ తవ్వకం పని వచ్చే సంచికల్లో చూద్దాం.

చెక్క దొరుకుతుంది, సీసం దొరుకుతుంది, చేసే చెయ్యి దొరకాలి. ఈ సంగతి కుబ్లయ్ ఖానుకు బాగా తెలుసు. దక్షిణ చైనాకు తలుపులాంటి జంట నగరాలు షియాంగ్‌యాంగ్, ఫాన్‌చెంగ్ ఏళ్లు గడిచినా లొంగకపోతే, పర్షియాను ఏలుతున్న తన తమ్ముడి కొడుకు అబాకాను నిపుణులను పంపమని అడిగాడు. ఇస్మాయిల్, అలావుద్దీన్ అనే ఇద్దరు ఆసియా ఖండం సగం దాటి వచ్చి, బరువుతో పనిచేసే యంత్రాలు కట్టారు. 1273 మొదట్లో ఫాన్‌చెంగ్ పడింది. ఆ పిమ్మట షియాంగ్‌యాంగ్ మీదికి గురిపెట్టిన ఒక రాయి బురుజు మేడను కూల్చింది. పిడుగు పడినట్టు ఊరంతా అదిరిందట. సేనాని లూ వెన్‌హువాన్ కొద్ది రోజులకే లొంగిపోయాడు. ఈ యంత్రాలు మా సలహాతోనే కట్టారని మార్కో పోలో పుస్తకం చెప్పుకుంటుంది. అతను కుబ్లయ్ కొలువుకు చేరింది 1275లో. ఘనత దక్కాల్సింది ఇస్మాయిల్, అలావుద్దీన్‌లకే, చైనా రాజచరిత్ర వాళ్ల పేర్లు దాచి ఉంచింది.

ఇలాంటి యంత్రాలు 1310లో మన ఓరుగల్లు ముందు కూడా నిలిచాయి. అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫుర్ హనుమకొండ గుట్ట మీది నుంచి కోటను చూసి శిబిరం వేశాడు. అమీర్ ఖుస్రో ఈ దండయాత్రను తన ఖజాయినుల్ ఫుతూహ్‌లో వర్ణించాడు. అతను ఢిల్లీ కొలువు కవి, సుల్తాను మెప్పు కోసం రాశాడు, కాబట్టి అతని పొగడ్తలను పక్కన పెట్టి వస్తువుల గురించి చెప్పిందే తీసుకోవాలి. వచ్చిన సైన్యం మొదట చేసిన పని చుట్టుపక్కల చెట్లు నరికి తమ శిబిరం చుట్టూ కర్రలతో ఆవరణ కట్టుకోవడం. ఓరుగల్లు చుట్టూ తోపులు ఎలా గొడ్డళ్లకు ఎర అయ్యాయో ఆ వర్ణనలో కనిపిస్తుంది. తరువాత మంజనీక్‌లు నిలిపారు. కోటలోంచి కూడా రాళ్లు విసిరారు.

ఇక్కడ ఢిల్లీ దండుకు ఎదురైంది రాతిగోడ కాదు. గణపతిదేవుడు, రుద్రమదేవి కట్టించిన రాతికోటకు బయట, అగడ్త వెనక, మట్టికోట ఉంది. ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టిగా ఉందనీ, గుండు తగిలితే తిరిగి ఎగిరిపడేదనీ ఖుస్రోనే రాశాడు. రాతిగోడ దెబ్బకు పగులుతుంది, పగులు పక్క రాయికి పాకుతుంది. మట్టికట్ట దెబ్బను తనలోకి తీసుకుంటుంది. గుంట పడితే రాత్రి నాలుగు తట్టల మట్టి పోసి దిమ్మిస కొట్టొచ్చు. యూరపులో ఫిరంగుల దెబ్బ తిన్నాక, రెండు వందల ఏళ్ల తరువాత గానీ కోటలు కట్టేవాళ్లు మట్టిని ఇంతగా నమ్ముకోలేదు. రోజుల తరబడి కొట్టి, అగడ్త పూడ్చి, గోడను కొన్ని చోట్ల కిందికి దించాకే ఢిల్లీ సైనికులు మట్టికోట ఎక్కగలిగారు. రాతికోట ఇంకా చెక్కుచెదరకుండా ఉండగానే ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చాడు. కాకతీయ రాజ్యం 1323 దాకా నిలిచింది.

స్టిర్లింగ్ వడ్రంగుల కూలి లెక్కలు దాచిన ఒక రాజ్యం ఉంది కాబట్టి వాళ్ల గురించి ఇంత చెప్పుకోగలిగాం. ఓరుగల్లు మట్టికోటకు మోసిన తట్టల లెక్క ఆ కట్టే. వరంగల్ వెళ్లినవాళ్లు కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు దిగి తిరుగు ప్రయాణం కడతారు. అక్కడితో ఆగవద్దు. రాతికోట ద్వారం దాటి బయటి మట్టికోట దాకా నడవండి, కట్ట మీదికి ఎక్కి దాని వెడల్పు చూడండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. ఇళ్లూ పొలాలూ దాన్ని ఏటికేడు తినేస్తున్నాయి. మీ ఊరి కోట చుట్టూ ఇలాంటి కట్ట మిగిలి ఉంటే దాని ఫొటో, వివరాలు పత్రిక చిరునామాకు పంపండి.

వచ్చే సంచికలో: 1453, కాన్‌స్టాంటినోపుల్ గోడల ముందు ఓర్బాన్ పోతపోసిన ఫిరంగి.